ఉమ్మడి క్రెడిట్ల లెక్క అందరికీ కనిపించాలి

అరవై మంది విద్యార్థులున్న ఒక బీటెక్ సివిల్ తరగతిని ఉదాహరణగా తీసుకుందాం. జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) ల్యాబ్‌లో వెయ్యి చిరునామాలున్న ఫైలు ఒకటి అందరికీ ఇచ్చి, వాటిని మ్యాపు మీదికి ఎక్కించమన్నారు. విశ్వవిద్యాలయాల్లో విరివిగా వాడే ఆర్క్‌జీఐఎస్ ఆన్‌లైన్‌లో చిరునామాలను అక్షాంశ రేఖాంశాలుగా మార్చే పనికి, అంటే జియోకోడింగ్‌కు, వెయ్యింటికి 40 క్రెడిట్లు (ఆ సేవలకు చెల్లించే యూనిట్లు) ఖర్చవుతాయి. అరవై మందీ ఎవరికి వారు అదే ఫైలుతో అదే పని చేస్తే మొత్తం 2,400 క్రెడిట్లు. అధ్యాపకుడు ఒక్కసారి చేసి చూపించి, వచ్చిన ఫలితాన్ని అందరికీ పంచితే 40. పిల్లలు నేర్చుకున్నదాంట్లో పెద్ద తేడా ఉండదు, ఖర్చులో మాత్రం అరవై రెట్ల తేడా. ఈ 2,400 క్రెడిట్లు ఏ ఒక్కరి జేబులోంచీ పోలేదు. విశ్వవిద్యాలయం మొత్తానికీ కలిపి ఏడాదికోసారి వచ్చే ఉమ్మడి కోటాలోంచి పోయాయి. అదే కోటాను నమ్ముకున్న ప్రజారోగ్య పరిశోధకురాలికి మార్చిలో పని ఆగిపోతే, ఆగస్టులో జరిగిన ఆ ల్యాబ్‌కూ దానికీ సంబంధం ఉందని ఆమెకు తెలియదు, ఆ అరవై మందికీ తెలియదు.

ఉమ్మడి క్రెడిట్లు దుబారా అవుతున్నాయంటే అందరూ ముందుగా విద్యార్థుల నిర్లక్ష్యాన్నే తప్పుపడతారు. ఆ నింద చాలావరకు అన్యాయం. ధర కనిపించని చోట పొదుపు చేయమని ఎవరినీ అడగలేం. ఏ పనికి ఎంత ఖర్చవుతుందో పని మొదలుపెట్టకముందే తెలియాలి, ఏ విభాగం ఎంత వాడిందో అందరికీ తెలియాలి, ఈ రెండూ పాఠ్యాంశంలో భాగం కావాలి. ఈ పని విశ్వవిద్యాలయం చేయాలి. అది చేసిన తర్వాతే విద్యార్థి బాధ్యత గురించి మాట్లాడే హక్కు దానికి వస్తుంది.

ఈ క్రెడిట్ల సంగతి బయటివారికి అంతగా తెలియదు కాబట్టి కాస్త వివరించాలి. కాలిఫోర్నియాలోని రెడ్‌లాండ్స్ కేంద్రంగా 1969లో మొదలైన ఎస్రీ సంస్థ ఆర్క్‌జీఐఎస్ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేస్తుంది. దాని క్లౌడ్ రూపమైన ఆర్క్‌జీఐఎస్ ఆన్‌లైన్‌లో కొన్ని సేవలకు క్రెడిట్లు తెగుతాయి, కొన్నిటికి తెగవు. మ్యాపు తెరిచి చూడటానికి, ఉన్న లేయర్లను కలిపి కొత్త మ్యాపు కూర్చడానికి, వెతుకు పెట్టెలో ఒక ఊరి పేరు కొట్టి చూసుకోవడానికి ఖర్చు లేదు. గుంపుగా చిరునామాలను జియోకోడింగ్ చేస్తే ఖర్చు. క్లౌడ్ మీద విశ్లేషణ నడిపితే వెయ్యి ఫీచర్లకు ఒక క్రెడిట్. ఒక ఆస్పత్రి నుంచి అరగంటలో వాహనం మీద ఎంత దూరం వెళ్లగలమో గీసే సర్వీస్ ఏరియాకు ఒక్కోదానికి అర క్రెడిట్. ప్రాంతాల జనాభా, ఆదాయం వంటి వివరాలను మన లేయర్‌కు జోడించే ఎన్‌రిచ్‌మెంట్‌కు వెయ్యి విలువలకు పది క్రెడిట్లు. అంటే వెయ్యి గ్రామాలకు ఇరవై రకాల వివరాలు అడిగితే 200 క్రెడిట్లు పోతాయి. అందులో మూడో నాలుగో వివరాలే చివరికి థీసిస్‌లోకి ఎక్కుతాయని పరిశోధన చేసిన ఎవరికైనా తెలుసు. బఫర్లు గీయడం, రెండు లేయర్లను ఒకదానిమీద ఒకటి పరిచి కోయడం లాంటి పనులను అదే సంస్థ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఆర్క్‌జీఐఎస్ ప్రోలో, సొంత కంప్యూటర్ మీద చేస్తే ఒక్క క్రెడిట్ కూడా కాదు. పని ఒకటే, ఫలితం ఒకటే, ఎక్కడ నడిపామన్నదాన్ని బట్టే ఖర్చు. ఈ ఒక్క విషయం మొదటి ల్యాబ్‌లో చెప్పకపోతే విద్యార్థి ఎలా తెలుసుకోవాలి?

అయితే అసలు సమస్య నిల్వ దగ్గర ఉంది. జియోకోడింగ్‌లో ఎవరో ఒకరు మీట నొక్కుతారు, ఖర్చవుతుంది, అక్కడితో అయిపోతుంది. నిల్వకు ఎవరూ ఏమీ నొక్కనక్కర్లేదు. ఫీచర్ లేయర్‌గా ప్రచురించిన డేటాకు ప్రతి పది ఎంబీకి నెలకు 2.4 క్రెడిట్లు, గంటల లెక్కన, రాత్రీ పగలూ, సెలవుల్లో సైతం తెగుతూనే ఉంటాయి. 500 ఎంబీ లేయర్ ఒకటి పెడితే నెలకు 120 క్రెడిట్లు, ఏడాదికి 1,440. అదే డేటాను జిప్ చేసి మామూలు ఫైలుగా దాచుకుంటే ఒక జీబీకి నెలకు 1.2 క్రెడిట్లే కాబట్టి ఆ 500 ఎంబీకి అర క్రెడిట్‌కు కాస్త ఎక్కువ పడుతుంది. ఒకే సైజు డేటాకు రెండు రకాల నిల్వకూ మధ్య తేడా రెండు వందల రెట్లు. వెబ్‌లో గీసి చూపించాల్సిన అవసరం ఉన్నన్నాళ్లు లేయర్‌గా ఉంచి, అవసరం తీరాక ఫైలుగా మార్చి దించుకోవడం పది నిమిషాల పని. ఆ పని ఎవరిదన్న ప్రశ్న దగ్గరే అంతా ఆగిపోతుంది. మే నెలలో వైవా అయిపోతుంది, విద్యార్థి ఉద్యోగంలో చేరడానికి బెంగళూరుకో డాలస్‌కో వెళ్లిపోతాడు. అతని లేయర్లు మాత్రం విశ్వవిద్యాలయం ఖాతాలో ఉండిపోతాయి. ‘టెస్ట్1’, ‘టెస్ట్ ఫైనల్’, ‘టెస్ట్ ఫైనల్ కొత్తది’ అనే పేర్లతో ఒకే డేటాకు మూడు నకళ్లు. ఏది పనికొచ్చేదో, ఏది చెత్తో తేల్చగలిగిన మనిషి అక్కడ ఉండడు. తొలగిస్తే ఎవరి పరిశోధన దెబ్బతింటుందోనని అడ్మిన్ చేయి వేయడు. ఇలాంటివి నాలుగైదు బ్యాచ్‌లు పేరుకుంటే, కొత్త బ్యాచ్ ఒక్క మీటైనా నొక్కకముందే కోటాలో గణనీయమైన భాగం పాత లేయర్ల అద్దెకే పోతుంది.

ఉమ్మడి వనరు ఎందుకు పాడవుతుందన్న చర్చ కొత్తది కాదు. 1968లో గారెట్ హార్డిన్ ‘సైన్స్’ పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసం ప్రకారం, అందరిదీ అయిన పచ్చిక మీదికి ప్రతివాడూ ఇంకో పశువును తోలుతాడు, చివరికి పచ్చికే మిగలదు. దానికి అసలైన జవాబు ఎలినార్ ఆస్ట్రమ్ నుంచి వచ్చింది. ఫిలిప్పీన్స్ సాగునీటి కాలువలు, స్పెయిన్ తోటల నీటి పంపకాలు, జపాన్ ఉమ్మడి అడవులు వంటి ఉదాహరణలను పరిశీలించి, మనుషులు తమ నియమాలు తామే పెట్టుకుని వనరును తరాల తరబడి కాపాడుకోగలరని 1990లో వెలువడిన పుస్తకంలో ఆమె నిరూపించారు. 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమె. వాడకంపై నిఘా ఉండటం, ఆ నిఘా వాడుకునేవారికి జవాబుదారీగా ఉండటం, వాడుకునేవారికి నియమాల్లో మాట ఉండటం ఆమె గుర్తించిన షరతుల్లో ముఖ్యమైనవి. తెలంగాణ పల్లెల్లో చెరువు కింద సాగు ఎలా నడిచిందో తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత పారించాలో నీరటి చూసుకునేవాడు. ఆయకట్టు రైతులందరి కళ్లెదుటే అది జరిగేది. చెరువులో నీళ్లెన్ని ఉన్నాయో గట్టు మీద నిలబడితే ఎవరికైనా తెలిసేది. విశ్వవిద్యాలయం క్రెడిట్ల దగ్గర ఆ గట్టే లేదు. ఎన్ని మిగిలాయో అడ్మిన్‌కు మాత్రమే తెలుసు, మిగతావారికి అయిపోయిన రోజునే తెలుస్తుంది.

దీన్ని సరిదిద్దడానికి కొత్త సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు. ఆర్క్‌జీఐఎస్ ఆన్‌లైన్‌లో విశ్లేషణ నడిపే ముందు ఖర్చు అంచనా చూసుకునే మీట ఉంది. ఏ సభ్యుడు దేనికి ఎన్ని క్రెడిట్లు వాడాడో చూపించే నివేదికలు అడ్మిన్‌కు అందుబాటులో ఉన్నాయి. ఒక్కొక్కరికి ఇంత అని కేటాయించే ఏర్పాటూ ఉంది. చాలా సంస్థలు మూడోదాన్ని మాత్రమే పట్టుకుని మొదటి రెండింటినీ వదిలేస్తాయి. పరిమితి పెట్టేస్తే బాధ్యత తీరిపోయిందనుకుంటాయి. పరిమితి విద్యార్థిని ఆపుతుంది, అతనికి ఏమీ నేర్పదు. పైగా అది మీట నొక్కే క్షణానికి పనికొచ్చే మందు. విద్యార్థి వెళ్లిపోయాక కూడా నడిచే నిల్వ ఖర్చు మీద దాని ప్రభావం ఏముంటుంది?

ఖర్చు అంచనా వేయడం ఏదో గుమస్తా పని అనుకోవడం పొరపాటు. మ్యాపు శాస్త్రంలో అది భాగం. మన చిరునామాలనే చూడండి. ‘రామాలయం వీధి, పాత పోస్టాఫీసు వెనక’ అని రాసున్న చిరునామాను అంతర్జాతీయ జియోకోడర్‌కు ఇస్తే, అది చాలాసార్లు ఊరి మధ్యలోనో పిన్‌కోడ్ ప్రాంతం మధ్యలోనో ఒక చుక్క పెట్టి ఊరుకుంటుంది. అదీ ఒక జవాబే, దానికీ లెక్క కడతారు. పది వేల చిరునామాలు ఒకేసారి పంపినవాడికి 400 క్రెడిట్లు పోయాక, వేలాది చుక్కలు ఒకే బిందువు మీద గుట్టగా పడి ఉన్నాయని తెలుస్తుంది. ముందు యాభై పంపి చూసినవాడికి రెండు క్రెడిట్లతోనే ఆ సంగతి తెలుస్తుంది. అప్పుడతను చిరునామాల పట్టికను శుభ్రం చేస్తాడు, గ్రామం పేరు, మండలం, పిన్‌కోడ్ వేర్వేరు గడుల్లో పెడతాడు, అసలు ఈ అధ్యయనానికి ఇంటి స్థాయి కచ్చితత్వం కావాలా, గ్రామ స్థాయి సరిపోతుందా అని ఆలోచిస్తాడు. గ్రామ స్థాయి సరిపోతే జియోకోడింగే అక్కర్లేదు, గ్రామ సరిహద్దుల లేయర్‌తో పట్టికను కలిపితే చాలు. మొబైల్‌తో అక్షాంశ రేఖాంశాలు నమోదు చేసుకొచ్చిన క్షేత్ర సర్వేకైతే అసలు జియోకోడింగ్ ఖర్చే లేదు. పొదుపు చేసిన విద్యార్థే మంచి శాస్త్రం కూడా చేశాడు. ఈ రెండూ విడదీయలేనివి కాబట్టే ఇది పాఠ్యాంశంలో ఉండాలంటున్నాను. వెయ్యి మంది రోగుల ఇళ్ల చిరునామాలను బయటి సర్వర్‌కు పంపవచ్చా అన్న ప్రశ్న కూడా ఇక్కడే, మీట నొక్కే ముందే అడగాలి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఆ ప్రశ్నను దాటవేయడానికి వీల్లేదు.

ఇంత హడావుడి దేనికి, ఒక క్రెడిట్ ఖరీదు పది పన్నెండు అమెరికన్ సెంట్లేగా అని కొందరంటారు. విడిగా కొనే ధర దాదాపు అంతే, విశ్వవిద్యాలయ ఒప్పందాల్లో లెక్క వేరుగా ఉండొచ్చు. కానీ మొదట చెప్పిన ల్యాబ్‌లో పోయిన 2,400 క్రెడిట్లకు ఆ ధర కడితే ఇరవై వేల రూపాయలు దాటుతుంది. అది ఒక్క ల్యాబ్, ఒక్క పూట. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రసాయనాల కొనుగోలుకు, క్షేత్ర పర్యటనలకు బస్సు డీజిలుకు ఎన్ని ఫైళ్లు కదపాలో అధ్యాపకులకు తెలుసు. అక్కడ ప్రతి రూపాయికీ సంతకం అడిగే వ్యవస్థ, ఇక్కడ డాలర్లలో పోయే డబ్బుకు లెక్కే అడగకపోవడం సబబు కాదు. ఆ డబ్బు ప్రజలదో, విద్యార్థుల ఫీజులదో అయి ఉంటుంది.

లెక్కలు పెడితే విద్యార్థుల కుతూహలం చచ్చిపోతుందన్న అభ్యంతరం దీనికన్నా బరువైనది. ప్రయోగం చేసి చెడగొట్టుకునే స్వేచ్ఛ లేని చోట చదువు లేదు, ఇందులో సందేహం లేదు. కానీ చరిత్ర చెప్పేది కొంచెం వేరు. 1963లో ఐఐటీ కాన్పూర్‌కు ఐబీఎం 1620 కంప్యూటర్ వచ్చింది. ఒకే యంత్రం, దాని సమయం కోసం ఎందరో. పంచ్ కార్డుల కట్ట ఇచ్చేముందు ప్రోగ్రామును కాగితం మీద మళ్లీ మళ్లీ సరిచూసుకోవాల్సిన కాలం అది. అలాంటి కొరతలోనే మన దేశంలో కంప్యూటర్ విద్య వేళ్లూనుకుంది. కొరత మంచిదని నేననడం లేదు. ఖర్చు తెలిసి పనిచేయడం వల్ల కుతూహలం చావదని మాత్రం ఆ తరం చూపించింది. ఇవాళ పరిస్థితి దానికన్నా చాలా నయం. నేర్చుకునే దశలో అవసరమయ్యే పనుల్లో ఎక్కువ భాగం క్రెడిట్లు లేకుండానే సొంత కంప్యూటర్ మీద జరిగిపోతాయి. మిగిలినవాటిని చిన్న నమూనాతో ప్రయత్నించి చూడొచ్చు. అయితే ఈ అభ్యంతరంలోంచి ఒక నియమాన్ని విశ్వవిద్యాలయాలు తప్పక తీసుకోవాలి. అదనపు క్రెడిట్లు కావాలని ఎవరైనా కారణం, అంచనా రాసి అడిగితే ఒకటి రెండు రోజుల్లో ఇవ్వాలి. దానికోసం విభాగాధిపతి గది బయట నిలబెడితే, మాట్లాడే చొరవ ఉన్నవాళ్లకే క్రెడిట్లు దక్కుతాయి. గ్రామీణ నేపథ్యం నుంచి వచ్చిన, ఇంగ్లీషులో దరఖాస్తు రాయడానికి జంకే పిల్లలు వెనకబడిపోతారు.

వాడని క్రెడిట్లు ఏడాది చివర ఎలాగూ రద్దయిపోతాయి, మరి దాచి ఏం లాభం? ఈ ప్రశ్న నిజమైనది, దాన్ని ఒప్పుకోవాలి. వార్షిక చందా కింద వచ్చినవి ఏడాది దాటితే చెల్లవు. సగం కోటా అలాగే మిగిల్చి పొదుపు చేశామని చెప్పుకునే విభాగం విద్యార్థులకు మేలు చేసినట్టు కాదు. పిసినారితనం కూడా బాధ్యతారాహిత్యమే. కానీ ఎన్ని మిగిలాయో ఎప్పటికప్పుడు అందరికీ తెలిస్తేనే వాటిని సద్వినియోగం చేయగలం. గడువుకు మూడు నెలల ముందు మిగులును ప్రకటించి, పెద్ద పని ఉన్న పరిశోధకులను ముందుకు రమ్మనవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు గిరిజన గూడేల నుంచి ఎంత సమయం పడుతుందో గీసే అధ్యయనానికి వందల సర్వీస్ ఏరియాలు కావాలి. అలాంటి పనికి ఖర్చయిన క్రెడిట్ ఒక్కటీ దుబారా కాదు.

అసలు ఈ బాధంతా ఎందుకు, క్యూజీఐఎస్‌కు మారిపోతే సరి కదా అనేవారితో నాకు సగం ఏకీభావం ఉంది. 2002లో మొదలైన ఆ ఉచిత సాఫ్ట్‌వేర్ ఇవాళ ఎంత పెద్ద పనికైనా సరిపోతుంది. ప్రతి జీఐఎస్ కోర్సూ దాంతోనే మొదలుకావాలని కూడా అంటాను. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) అభివృద్ధి చేసిన ఇస్రో మ్యాపుల పోర్టల్ భువన్ కూడా 2009 నుంచీ అందుబాటులో ఉంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల మీద ఆంక్షలు సడలించాక దేశంలో ఈ రంగం తలుపులు ఇంకా తెరుచుకున్నాయి. కానీ ఉచితం అన్నంతమాత్రాన అది ఉమ్మడి వనరు కాకుండా పోదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారి ఉచిత జియోకోడర్ నామినాటిమ్ విరాళాలతో నడిచే సర్వర్ల మీద ఉంది. సెకనుకు ఒకటికి మించి అభ్యర్థనలు పంపవద్దని దాని నియమం. ఒక ల్యాబ్ మొత్తం ఒకేసారి దాని మీద పడితే ఎక్కడో ఇంకెవరి పనో కుంటుపడుతుంది, మన క్యాంపస్ ఐపీ అడ్రసే నిషేధానికి గురికావచ్చు. అక్కడ బిల్లు రాదు కాబట్టి తప్పు చేసినట్టు తెలియను కూడా తెలియదు. క్రెడిట్ల దగ్గర లెక్క చూసుకోవడం నేర్చినవాడే అక్కడా మర్యాదగా వాడతాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం జియో ఇంజినీరింగ్ విభాగం నుంచి, జేఎన్‌టీయూ హైదరాబాద్ నుంచి బయటికొచ్చే యువత రేపు ఏ కంపెనీలో చేరినా, ఏ అమెరికన్ విశ్వవిద్యాలయంలో పైచదువుకు వెళ్లినా క్లౌడ్ బిల్లు అనేది ఎదురవుతుంది. అది చూసి కంగారుపడని, ముందే అంచనా కట్టగల ఉద్యోగికి విలువ ఎక్కువ.

వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోపు విభాగాధిపతులు మూడు పనులు చేయాలని కోరుతున్నాను. ఏ సేవకు ఎన్ని క్రెడిట్లో తెలిపే ధరల పట్టికను తెలుగులో, ఇంగ్లీషులో ల్యాబ్ గోడకు అంటించండి. నెలనెలా విభాగాల వారీగా వాడకం, మిగులు ప్రకటించండి. వ్యక్తుల పేర్లతో పరువు తీయాల్సిన పనిలేదు, విభాగాల అంకెలు చాలు. నో డ్యూస్ సర్టిఫికెట్ మీద లైబ్రరీ పుస్తకాలతో పాటు క్లౌడ్ లేయర్లకూ ఒక గడి చేర్చండి. లేయర్లు తొలగించాడా, ఫైలుగా దించుకున్నాడా, లేక కొనసాగించే జూనియర్ పేరు మీదికి బదిలీ చేశాడా అన్నది చూశాకే సంతకం పెట్టండి. ఈ ఏడాది చదువు ముగించుకుని వెళ్తున్న విద్యార్థులు ఆ గడి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఇవాళే లాగిన్ అయి, ‘మై కంటెంట్’ తెరిచి, సైజు ప్రకారం వరుస పెట్టి, పైనున్న నాలుగు లేయర్ల సంగతి తేల్చండి.